గొట్టాల కింద ముద్ర

భవానీపూర్,
24 జూన్ 2024

అన్నయ్యకు, చెల్లెలు అన్నపూర్ణ నమస్కారాలు.

మోకాలికి నేను పంపిన నూనె రాస్తున్నావా అని మహితను అడిగాను. "తాత సీసా మూత కూడా తియ్యలేదు మామ్మా" అంది. నీ మనవరాలు అబద్ధమాడదు కాబట్టి నువ్వు తప్పించుకోలేవు. నీ చెవుల్ని జూట్ మిల్లు తినేసింది గనక ఫోనులో నిన్ను తిట్టే సుఖం కూడా నాకు లేదు. సియాల్దాలో రైలెక్కితే నీ ఊరు బడ్జ్ బడ్జ్ గంట దూరం. ఉత్తరానికేమో నాలుగు రోజులు. పోనీ నేనే వద్దామంటే దసరా జాకెట్లు ఇప్పటినుంచే గుట్టలు పడుతున్నాయి.

ఇక అసలు సంగతి. కూర్చొని చదువు.

నిన్న లలిత్‌బాబు అని ఒకాయన నా కుట్టు దుకాణానికొచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, మర్యాదస్తుడు. గుమ్మంలో నిలబడి, "తిరుపతి మిస్త్రీగారి అమ్మాయి మీరేనా మాషీమా?" అని సొంత పిన్నిని పిలిచినట్టు అడిగాడు. నాన్నని ఆ పేరుతో పిలిచి ఎన్నేళ్ళయిందన్నయ్యా! చేతిలో కత్తెర జారి కింద పడింది.

ఈయన ఎవరనుకున్నావు? ఆ రోజు కాలుస్తుంటే తుపాకీ గొట్టం చేతిలోనే పేలి కన్ను పోగొట్టుకున్న పెద్దమనిషి మనవడు. ఆ రెండు గొట్టాల తుపాకీ ఇన్నేళ్ళూ వాళ్ళింట్లో ఇనప పెట్టెలోనే ఉందట. ఇక కాల్చడానికి పనికిరాదని పోలీసులు కాగితం రాసిచ్చారట. ఒక మ్యూజియం వాళ్ళు తీసుకుంటామన్నారు గాని, పక్కన పెట్టే చీటీలో తయారుచేసినవాడి పేరుండాలన్నారట. గొట్టాల మధ్య పట్టీ మీద దుకాణం పేరే ఉంది. దుకాణం పేరు వేరు, చేసినవాడి పేరు వేరు అని ఈయనకి తెలుసు. అందుకని ధర్మతలలో నాన్న పనిచేసిన ఆ తుపాకీ దుకాణానికే వెళ్ళి అడిగాడు.

యజమాని జయప్రకాశ్‌బాబు ఇంకా బతికే ఉన్నాడు. ఎనభై నాలుగేళ్ళు. సెప్టెంబరులో దుకాణానికి నూరేళ్ళు నిండుతాయట, పుస్తకం వేస్తున్నారట. అందులో ఒక పేజీ నకలు లలిత్‌బాబుకిచ్చాడు. ఇంగ్లీషులో ఉంటే మహిత చదివి చెప్పింది. "మా నూరేళ్ళ పేరుకి ఒకే ఒక్క మచ్చ 1967లో పడింది. తిరుపతి అనే మద్రాసీ మిస్త్రీ తాగి చేసిన పని వల్ల ఒక తుపాకీ గొట్టం పేలింది. వెంటనే అతణ్ణి తొలగించాము."

తాగి! నాన్న తాగడం నువ్వెప్పుడైనా చూశావా? పండక్కి కల్లు కూడా ముట్టని మనిషి. ఆ తర్వాత ఊళ్ళో ఏ తుపాకీ దుకాణమూ మెట్టు ఎక్కనివ్వలేదు. వెంట్రుక మందం తేడా కనిపెట్టే ఆ చేతులతో షాలిమార్ రైల్వే యార్డులో ఆరేళ్ళు బస్తాలు మోశాడు. నలభై తొమ్మిదేళ్ళకే దగ్గి దగ్గి పోయాడు. ఒక్కనాడూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. నేనంటాను. ఆయన అనని మాటలన్నీ నేనంటాను. ఆ పుస్తకం అచ్చయ్యేలోగా ఆ ముసలాడి నోటితోనే అది అబద్ధమని చెప్పిస్తాను, లేకపోతే నా పేరు మార్చు.

నాన్న చేతి పని పేలిందంటే నేను నమ్మను. అది వేరే ఎవడో చేసిన తుపాకీ అయ్యుంటుంది. నువ్వు నాలుగేళ్ళు ఆయన పక్కన అదే బల్ల మీద పని నేర్చుకున్నావు. నాన్న తన ముద్ర ఎక్కడ కొట్టేవాడో రాయి. ఆ ఉక్కు ముద్ర నీ దేవుడి గూట్లోనే ఉంది కదా, కాగితం మీద అచ్చు తీసి పంపు.

నూనె రాసుకో.

నీ చెల్లెలు
అన్నపూర్ణ

---

బడ్జ్ బడ్జ్,
1 జూలై 2024

చిరంజీవి అన్నపూర్ణను అన్నయ్య గవరయ్య దీవించి రాయునది.

నీ ఉత్తరం శనివారం వచ్చింది. నూనె రాశాను. వాసనకి పక్కింటి అప్పమ్మ వచ్చి ఎవరికి ఏమైందని అడిగింది. నాకు వినపడక "అవును, పులసే" అన్నాను. ఆవిడ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఇక్కడ వానలు మొదలయ్యాయి. మిల్లు వెనక కాలవ మళ్ళీ పొంగింది.

తల్లీ, పాత సంగతులు ఎందుకు తవ్వుతావు? నాన్నే మాట్లాడకుండా పోయాడు. ఆ పుస్తకం ఎవరు చదువుతారు? నీకు బీపీ ఉంది. ఆ తుపాకీని మాత్రం ఇంట్లోకి రానివ్వకు, అది మంచి వస్తువు కాదు.

ముద్ర అడిగావు కాబట్టి రాస్తున్నాను. తెలుగు "త" అక్షరం, కింద తేదీ. అచ్చు ఇందులో పెట్టాను. తుపాకీ మడమ దగ్గర, భుజానికి ఆనించే చెక్క చివర, ఒక ఇనప రేకు ఉంటుంది. రెండు మరలు తీస్తే ఊడుతుంది. దాని లోపల కొట్టేవాడు. అక్కడ లేకపోతే అది నాన్న తుపాకీ కాదు. అక్కడ చూసుకొని, లలిత్‌బాబుకి ఆ మాట చెప్పి పంపేసెయ్యి. దుకాణానికి వెళ్ళకు.

మహిత ఆదివారం చేపలు తెచ్చింది. దానికి తెలుగు చదవడం నేర్పుదామని పలక తెస్తే "తాతా, నాకు ఇరవై ఆరేళ్ళు" అంది.

ఇట్లు
నీ అన్నయ్య

---

భవానీపూర్,
12 జూలై 2024

అన్నయ్యకు, చెల్లెలి దండాలు, ముద్దులు, ఇంకా ఏమైనా ఉంటే అవీ!

లేదు! ముద్ర లేదు!

నిన్న లలిత్‌బాబు వాళ్ళింటికే వెళ్ళాను. టేబుల్ మీద దుప్పటి పరచి పెట్టాడు దాన్ని. కుడి గొట్టం మధ్యలో చీలి, అంచులు బయటికి తెరుచుకొని ఉన్నాయి. నా కుట్టుమిషను మరలు తిప్పే సాధనం తీసుకెళ్ళాను. లలిత్‌బాబు "నేను తీస్తాను మాషీమా" అన్నాడు. "తిరుపతి మిస్త్రీ కూతుర్ని, పక్కకి జరుగు బాబూ" అన్నాను. రెండు మరలూ పట్టేసి ఉన్నాయి, కాస్త నూనె పోసి తిప్పాను. రేకు ఊడింది. లోపల చెక్క దుమ్ము తప్ప ఏమీ లేదు. నువ్వు పంపిన అచ్చు పక్కన పెట్టుకొని భూతద్దంతో కూడా చూశాను.

యాభై ఏడేళ్ళు, అన్నయ్యా! ఎవడో చేసిన పాడు తుపాకీకి మన నాన్న బలైపోయాడు. ఇంటికొచ్చి ఆయన ఫొటో ముందు కూర్చొని ఏడ్చాను. తర్వాత లేచి ముఖం కడుక్కొని, జయప్రకాశ్‌బాబుని ఏయే మాటలనాలో పాత బిల్లు పుస్తకం వెనక రాసుకున్నాను. బెంగాలీలో ఎనిమిది తిట్లు తేలాయి. అందులో రెండు, పెద్దవాళ్ళ ముందు అనగలిగినవే.

వచ్చే శనివారం దుకాణానికి వెళ్తున్నాను. మహిత తోడొస్తానంది. గిరాకీలు నిండుగా ఉండే వేళ చూసుకొని వెళ్తాను. వాళ్ళందరి ముందూ అడుగుతాను.

నువ్వే కదా దారి చూపించావు. నీ నోట్లో పంచదార పొయ్యాలి.

అన్నపూర్ణ

---

బడ్జ్ బడ్జ్,
17 జూలై

అన్నపూర్ణా,

వెళ్ళొద్దు. ఈ కార్డు చూసిన వెంటనే ఆగిపో. నువ్వు వెళ్ళాల్సిన పని లేదు, లలిత్‌బాబుకి చెప్పావు కదా, చాలు. ఆ ముసలాడు నోటికెంతొస్తే అంత అంటాడు. నా మీద ఒట్టు, వెళ్ళొద్దు.

గవరయ్య

---

భవానీపూర్,
24 జూలై 2024

అన్నయ్యకు,

నీ కార్డు సోమవారం వచ్చింది. నేను శనివారమే వెళ్ళొచ్చాను. ఇలా జరుగుతుందని ముందే తెలిసినట్టు రాశావు. తెలిసుంటే తిన్నగా చెప్పొచ్చు కదా?

తలుచుకుంటే ఇప్పటికీ చెవులు మండుతున్నాయి. దుకాణంలో పది మందున్నారు. నేను గొంతెత్తి, "మా నాన్న ముద్ర ఈ తుపాకీ మీద లేదు. ఇది మా నాన్న చెయ్యలేదు. ఆ పేజీ చింపండి" అన్నాను. లలిత్‌బాబు కూడా వచ్చాడు, తుపాకీ తీసి బల్ల మీద పెట్టాడు. జయప్రకాశ్‌బాబు కుర్చీలోంచి లేచాడు. ఎనభై నాలుగేళ్ళొచ్చినా పని మరవలేదు ఆ చేతులు. ముందువైపు చెక్క విప్పి, గొట్టాలు ఊడదీసి, వెల్లకిలా తిప్పి నా ముందు పెట్టాడు. గొట్టాల కింద చదునుగా ఉండే చోట, అరిగిపోకుండా నిగనిగలాడుతూ ఉంది, త. దాని కింద 17 9 67.

"తిరుపతి ముద్ర ఎప్పుడూ ఇక్కడే. ఈ ఊళ్ళో పాత మిస్త్రీలందరికీ తెలుసు. మీకెవరు చెప్పారమ్మా మడమలో ఉంటుందని?" అన్నాడు. పది మందీ నవ్వారు. మహిత నా చెయ్యి పట్టుకుంది. ఎనిమిది తిట్లు రాసుకున్న బిల్లు పుస్తకం సంచిలో పెట్టేసుకున్నాను.

అంతటితో ఆగలేదు. "మీ కుటుంబానికి మేమేం అన్యాయం చెయ్యలేదు. మీ అన్నని మిల్లులో పెట్టించింది మా ఉత్తరమే" అన్నాడు. పచ్చి అబద్ధం! మిల్లులో పని నీ స్నేహితుడెవరో చూశాడని అమ్మ చెప్పేది. నాన్నని తాగుబోతు అన్నది చాలక నిన్ను కూడా వాళ్ళ దయ మీద బతికినవాడిగా చేస్తున్నాడు.

నీ మీద కోపం లేదని అనను. నాలుగేళ్ళు ఆ బల్ల మీద కూర్చున్నవాడివి, ముద్ర ఎక్కడుండేదో మరిచిపోతావా? నువ్వు మరిచిపోయినందుకు నేను తల వంచుకొని మెట్రో ఎక్కాల్సొచ్చింది. డెబ్భై ఆరేళ్ళొచ్చాయి, సరే. కాని తెలియకపోతే తెలియదని రాయొచ్చు.

అయినా వదలను. ఇప్పుడు ఇంకా వదలను.

అన్నపూర్ణ

---

బడ్జ్ బడ్జ్,
2 ఆగస్టు 2024

చిరంజీవి అన్నపూర్ణకు దీవెనలు.

పొరపాటైంది తల్లీ. వయసు. ఏది ఎక్కడ ఉండేదో అంతా కలగాపులగం అయిపోతోంది. మొన్న నా కళ్ళజోడు బియ్యం డబ్బాలో దొరికింది. నిన్ను అంతమందిలో నవ్వులపాలు చేశాను, అది తలుచుకుంటే ముద్ద దిగడం లేదు.

మిల్లు పని సంగతి నువ్వనుకున్నట్టే. స్నేహితుడే చూశాడు. పేరు ఇప్పుడు గుర్తులేదు.

ముద్ర ఉంది కాబట్టి తుపాకీ నాన్నదే అనుకో. ఎంత గొప్ప పనివాడికైనా ఒకసారి చెయ్యి తప్పుతుంది. అది ఒప్పుకుంటే నాన్న పరువేం పోదు. తాగాడన్న మాట ఒక్కటీ తీసెయ్యమని మర్యాదగా అడుగు, తీసేస్తారు. లలిత్‌బాబుకి చెప్పి ఆ ఇనుముని కొలిమిలో వేసి కరిగించెయ్యమను. మ్యూజియంలో పెట్టి ఎవరికి చూపించాలి?

రెండు రోజులుగా నిద్ర లేదు. వానకి కప్పు కారుతోంది.

నీ అన్నయ్య

---

భవానీపూర్,
20 ఆగస్టు 2024

అన్నయ్యా!

మంచమ్మీద ఉంటే లే. లేచి దీపం పెట్టు. నాన్న తప్పు లేదు, నా దగ్గర సాక్ష్యముంది!

చెప్తాను, నిదానంగా చదువు. మొన్న మా వీధిలోకి మాంజా దారం అమ్మేవాడొచ్చాడు. ఇక్కడ గాలిపటాలెగరేసే విశ్వకర్మ పూజకి ఇంకా నెల ఉంది, అప్పుడే పిల్లలు మూగారు. "పూజ ఎప్పుడు దాదా?" అని ఎవరో అడిగితే, "ఎప్పటిలాగే పదిహేడు" అన్నాడు. నా చేతిలో సూది ఆగిపోయింది. 17 9! వెంటనే మహితకి ఫోను చేశాను. అది కంప్యూటర్లో పాత పంచాంగం వెతికి చెప్పింది. 1967లో కూడా విశ్వకర్మ పూజ సెప్టెంబరు పదిహేడే!

పూజనాడు నాన్న పనిముట్టు ముట్టుకుంటాడా? మన ఇళ్ళల్లో ఎవరైనా ముట్టుకుంటారా? ఆ రోజు సుత్తి, ఆకురాయి, ఉలి అన్నీ పసుపు కుంకుమ పెట్టుకొని దేవుడి ముందు పడుకునేవి. అమ్మ కూరగాయలు కూడా ముందురోజే తరిగేది. దొర వచ్చి కాళ్ళు పట్టుకున్నా నాన్న ఆ రోజు ఒక్క దెబ్బ కొట్టడు.

ఇంకా ఉంది. ఆ రోజంతా నాన్న నాతోనే ఉన్నాడు. నాకు పదేళ్ళు. పొద్దున దుకాణంలో దండం పెట్టుకొని ఎనిమిదింటికల్లా వచ్చేశాడు. చీకటిపడే దాకా మేడ మీద ఇద్దరం గాలిపటాలెగరేశాం. మాంజా నా చూపుడువేలు కోసేసింది. నాన్న తన పంచె చింపి కట్టాడు. ఆ గీత ఇప్పటికీ ఉంది, సూదిలో దారం ఎక్కించినప్పుడల్లా కనిపిస్తుంది. నాన్న ఒక్క నిమిషం కూడా మేడ దిగలేదు.

మరి ముద్ర కొట్టిందెవరు? ఇంకెవరు, జయప్రకాశే! నాన్న చూడని తుపాకీ మీద నాన్న ముద్ర దొంగతనంగా కొట్టి అమ్మేశాడు. పేలగానే నాన్న నెత్తిన రుద్దాడు. "త" లేనిదే పెద్దవాళ్ళు తుపాకీ కొనేవారు కాదని నువ్వే చెప్పేవాడివి కదా, అందుకే కొట్టాడు. అప్పటికి ఇరవై ఏడేళ్ళ కుర్ర యజమాని. దొంగ! నా కడుపు మండిపోతోందన్నయ్యా. అదే సమయంలో పండగలా కూడా ఉంది.

ఇప్పుడు నీతో పని పడింది. పూజయ్యాక పనిముట్లు సర్ది తాళం వెయ్యమని, పెట్టె తాళంచెవి ఆ రోజు నాన్న నీకిచ్చి వచ్చాడు. ప్రసాదం పంచడానికి దుకాణంలో ఆగింది నువ్వే. ఆ తాళంచెవి జయప్రకాశ్ నీ దగ్గర ఎలా తీసుకున్నాడో ఉన్నదున్నట్టు రాసి, సంతకం పెట్టి పంపు. అడిగి తీసుకున్నాడా, లాక్కున్నాడా, నువ్వు ప్రసాదం పంచుతుంటే కాజేశాడా? సెప్టెంబరు పదిహేడున వాళ్ళ నూరేళ్ళ పండగ. పూజ, పందిరి, పెద్దపెద్ద వాళ్ళంతా వస్తారట. నీ ఉత్తరం ఆ పందిట్లో గట్టిగా చదువుతాను.

నువ్వు మడమ అని రాసినందుకు తిట్టాను కదా, అవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. నా తరఫున ఉన్నది నువ్వొక్కడివే.

నీ చెల్లెలు
అన్నపూర్ణ

---

బడ్జ్ బడ్జ్,
4 సెప్టెంబరు 2024

అన్నపూర్ణకు,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. ఇది నాలుగోది. ఇది చింపను.

తాళంచెవి ఎవరూ లాక్కోలేదు. ఎవరూ కాజెయ్యలేదు. ముద్ర కొట్టింది నేను.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. నాన్న వెళ్ళిన కాసేపటికి జయప్రకాశ్‌బాబు లోపలికొచ్చాడు. లలిత్‌బాబు తాతగారు వేటకి బయల్దేరుతున్నాడు, ఆ పూటే తుపాకీ కావాలన్నాడు. గొట్టాలు నాన్నే అమర్చాడు గాని ఇంకా పరీక్ష చెయ్యలేదు. పూజ సెలవులు వెళ్ళాక చూస్తానని పక్కన పెట్టాడు. "త లేకుండా ఆయన తీసుకోడు. నువ్వు కొట్టు. రేపటినుంచి నిన్ను మిస్త్రీగా పెడతాను, నీకు వేరే బల్ల" అన్నాడు. వేరే బల్ల అన్న మాట నా తలకెక్కింది. నాలుగేళ్ళుగా నాన్న పక్కన చెక్క అరగదీస్తూ కూర్చున్నాను.

నాన్న ఎలా పరీక్షించేవాడో నీకు తెలుసు. గొట్టాల్ని దారానికి వేలాడదీసి చెక్కసుత్తితో తట్టి, చెవి పెట్టి వినేవాడు. బాగున్నవి గంటలా మోగుతాయి. నేనూ అలాగే తట్టాను. ఎడమది మోగింది. కుడిది మొద్దుగా పలికింది. లోపల పగులుంటేనే అలా పలుకుతుంది. నేను విన్నాను, అన్నపూర్ణా. అప్పుడు నా చెవులు బాగా వినేవి. విని కూడా దేవుడి ముందునుంచి ముద్ర తీసి, కుంకుమ తుడిచి, కొట్టాను. అలవాటు కొద్దీ తేదీ కూడా కొట్టాను.

మూడో రోజు పేలింది. నాన్నని పిలిపించారు. నేను పక్కనే ఉన్నాను. గొట్టాలు తిప్పి తేదీ చూశాడు. తర్వాత నన్ను చూశాడు. చెయ్యి చాపాడు. తాళంచెవి ఆ చేతిలో పెట్టాను. అప్పుడు వాళ్ళ వైపు తిరిగి, "ముద్ర నాదే" అన్నాడు.

ఇద్దరం ధర్మతల నుంచి ఇంటికి నడిచొచ్చాం. మైదానం దాటాక నాన్న అన్నాడు: "ఎవులికీ ఏటీ సెప్పకు. నువ్వింకా బతకాల గదరా." అంతే. మళ్ళీ ఆ సంగతి చచ్చేదాకా ఎత్తలేదు. రెండు నెలలకి జయప్రకాశ్‌బాబు మిల్లుకి ఉత్తరం రాసిచ్చాడు. నా నోరు మూయించడానికని నాకు తెలుసు. తీసుకున్నాను. నాన్న షాలిమార్‌లో బస్తాలు మోస్తుంటే నేను మిల్లులో మగ్గాల మధ్య నిలబడ్డాను.

మడమ అని కావాలనే రాశాను. నువ్వు వెతికి, దొరక్క, ఊరుకుంటావనుకున్నాను. నిన్ను నవ్వులపాలు చేసిందీ నేనే.

సంతకం పెట్టాను. పందిట్లో చదువుతావో, పొయ్యిలో పెడతావో నీ ఇష్టం. మహితకి మాత్రం చెప్పకు. ఈ ఒక్కటీ అడుగుతున్నాను.

గవరయ్య

---

భవానీపూర్,
21 సెప్టెంబరు 2024

గవరయ్యగారికి,

చదివాను. పొయ్యిలో పెట్టలేదు.

నీ ఉత్తరం వచ్చాక మూడు రోజులు మిషను తొక్కలేదు. నాలుగో రోజు దాన్ని బెంగాలీలోకి మార్చుకొని, తడబడకుండా పదిసార్లు చదువుకున్నాను. పదిహేడున నా పెళ్ళినాటి పట్టుచీర కట్టుకొని వెళ్ళాను. పందిరంతా బంతిపూలు. జయప్రకాశ్‌బాబు మెడలో దండ, పక్కన ఆ పుస్తకాల కట్టలు. నన్ను చూసి, ఈసారి ముద్ర ఎక్కడ వెతికావమ్మా అని నవ్వాడు. "ఈసారి ముద్ర కొట్టినవాణ్ణి వెతికి తెచ్చానండీ" అన్నాను.

చదివాను. "నీకు వేరే బల్ల" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ముసలాడు ఆపమని చెయ్యి ఊపాడు. మనవలు నా చేతిలో కాగితం లాక్కోబోయారు. లలిత్‌బాబు లేచి అడ్డం నిలబడ్డాడు. "కన్ను పోయింది మా తాతకి. నేను ఆఖరి దాకా వినాలి" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ కదల్లేదు. పక్క మేడల మీద గాలిపటాల కేకల మధ్యే నీ సంతకం దాకా చదివాను.

అయిపోయాక ముసలాడు, "అప్పుడు నేను కుర్రవాణ్ణి" అన్నాడు. "మా నాన్న చచ్చిపోయేనాటికి ఆయనకీ యాభై నిండలేదు" అన్నాను. ముసలాడు మెడలో దండ తనే తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పుస్తకాలు పంచలేదు. ఆ పేజీ మార్చి అచ్చు వేస్తామని పెద్ద మనవడు కాగితం రాసిచ్చాడు. నాకు జాలి వేస్తుందేమోనని భయపడ్డాను. వెయ్యలేదు. చాలా హాయిగా ఉంది. ఆ రోజు ఇంటికొచ్చి రెండుసార్లు అన్నం పెట్టుకొని తిన్నాను.

ఇక నీ సంగతి.

మహిత నా పక్కనే నిలబడి ఉంది. తెలుగులో నీ అక్షరాలు చదవలేని పిల్ల, బెంగాలీలో మొదటి మాట నుంచి చివరి మాట దాకా విన్నది. దాన్ని ఇంట్లో ఉంచి వెళ్ళొచ్చు. కావాలనే తీసుకెళ్ళాను. నువ్వు అడిగిన ఆ ఒక్కటీ కావాలనే ఇవ్వలేదు. నాన్న కూడా ఏదో ఒకటి అడిగి ఉండేవాడు, నోరు తెరిస్తే. ఆరేళ్ళు నువ్వు రోజూ ఆయన వీపు చూశావు. బస్తాల ఒరుపుకి తోలు లేచిపోయిన ఆ వీపుకి అమ్మ కొబ్బరినూనె రాస్తుంటే నువ్వు పక్కనే కూర్చొని అన్నం తినేవాడివి. నాకు గుర్తుంది.

మ్యూజియం చీటీ నేనే రాశాను. మూడు భాషల్లో ఉంటుంది. ఇది తెలుగుది:

"రెండు గొట్టాల తుపాకీ. తయారుచేసినవాడు: తిరుపతిరావు మిస్త్రీ. ఆయన పరీక్షించక ముందే ఆయన ముద్రను దీని మీద కొట్టినవాడు: ఆయన కొడుకు గవరయ్య. కొట్టించినవాడు: జయప్రకాశ్. 17-9-1967, విశ్వకర్మ పూజ."

గాజు పెట్టెలో ఉంటుంది. ఎవరైనా వచ్చి చదవొచ్చు.

ఆ ముద్ర నీ దేవుడి గూట్లో ఉండడానికి వీల్లేదు. రిజిస్టర్డ్ పోస్టులో పంపు.

తిరుపతిరావు కూతురు
అన్నపూర్ణమ్మ

---

బడ్జ్ బడ్జ్,
2 అక్టోబరు 2024

అన్నపూర్ణకు,

ముద్ర పంపుతున్నాను. ఈ రోజు పోస్టాఫీసుకి సెలవు, రేపు అప్పమ్మ కొడుకు వేస్తాడు. నీ కుట్టు దుకాణంలో గుడ్డపీలికలుంటాయి కదా, నూనె గుడ్డలో చుట్టి ఉంచు. తుప్పు పట్టనివ్వకు.

మహిత రెండు ఆదివారాలుగా రాలేదు.

ఇవాళ మహాలయ అమావాస్య. ఎప్పట్లాగే తర్పణానికి నది ఘాటుకి వెళ్ళాను. మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి నిలబడ్డాను. పంతులు నాన్న పేరు చెప్పమన్నాడు. నా నోట్లోంచి రాలేదు. మళ్ళీ అడిగి ఉంటాడు, ఆయన పెదాలు కదిలాయి. వెనక చాలామంది వరసలో ఉన్నారు. నువ్వులు గుప్పిట్లోనే పట్టుకొని ఒడ్డెక్కి వచ్చేశాను. అవి ఇప్పుడు ఈ కాగితం పక్కనే ఉన్నాయి.

నువ్వు చేసినదాంట్లో తప్పు లేదు. చీటీలో నా పేరు ఉంచు. నేను చేసిన పనీ ఉంచు. "ఆయన కొడుకు" అన్న మాట ఒక్కటీ కొట్టెయ్యి. ఎవడో గవరయ్య అని ఉండనీ. ఆ పేరు పక్కన ఆ మాట నేను చూడలేకపోతున్నాను.

గవరయ్య

---

భవానీపూర్,
8 అక్టోబరు 2024

గవరయ్యగారికి,

ముద్ర అందింది. నూనె గుడ్డలో చుట్టాను. చీటీలు అచ్చుకి వెళ్ళే ముందు ఒకసారి సరిచూడమని లలిత్‌బాబు తెచ్చాడు. నీ ఉత్తరం పక్కన పెట్టుకొనే చూశాను.

ఆ మాట కొట్టెయ్యను. నాన్న కొట్టెయ్యలేదు.

తిరుపతిరావు కూతురు
అన్నపూర్ణమ్మ